కుళాయి గుంట తవ్వించింది నేనే

పటమటలో మేం అద్దెకున్న నాలుగు వాటాల ఇంట్లో కుళాయి గుంట తవ్వించింది నేను. అడిగినవాళ్ళకు మాత్రం, మేం వచ్చేటప్పటికే అది ఉందని చెప్పాను. ఎనిమిదేళ్ళు ఆ మాట మీదే ఉన్నాను. ఆ అబద్ధం వల్ల ఒక మనిషికి ఏం జరిగిందో చెప్పడానికి ఇది రాస్తున్నాను. క్షమించమని అడగడానికి కాదు. అడగవలసిన చోటుకు వెళ్ళి అడిగాను. అక్కడ ఏం జవాబు వచ్చిందో కూడా చెబుతాను.

అప్పటికి నాకు ముప్ఫై మూడేళ్ళు. ఉయ్యూరు చెరుకు ఫ్యాక్టరీలో, ల్యాబులో పని. పొద్దున్నే బందరు రోడ్డు మీద బస్సెక్కితే మళ్ళీ సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ణి. ల్యాబులో నేను చేసేది పెద్ద పనేమీ కాదు. గంట గంటకూ వచ్చే చెరుకు రసాన్ని సన్నటి గాజు గొట్టంతో నోటితో పైకి పీల్చి, గీత దాకా రాగానే వేలితో మూసి, సీసాలోకి వదిలి, లెక్క కట్టడం. కానీ మా వాటాల్లో నన్ను అందరూ కెమిస్టు గారూ అని పిలిచేవారు. పిల్లలకు కడుపునొప్పి వచ్చినా, గోడకు చెమ్మ దిగినా నన్నే అడిగేవారు. తెలిసినా తెలియకపోయినా నేను జవాబు చెప్పేవాణ్ణి. నాకు అది బాగుండేది.

ముందు వాటాలో ఇంటిగలావిడ. ఆమెను మేం పిన్నిగారు అనేవాళ్ళం. రెండో వాటాలో రైల్వే గార్డు గారి కుటుంబం. మూడోది మాది: నేను, నా భార్య, ఏడాది నిండని మా పాప. చివరి వాటా పక్కనే మురుగు కాలవ. ఆ వాసనకు ఎవరూ చేరక చాలాకాలం ఖాళీగా ఉంటే, పిన్నిగారు దాన్ని కొల్లేటి వైపు నుంచి వచ్చిన ఒక చేపలావిడకు ఇచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. భర్త లేడు. ఒక్కతే కూతురు, అప్పటికే పెళ్ళయి సొంతూళ్ళో ఉంది. పొద్దున లారీల దగ్గర చేపలు ఎత్తుకుని, గంప నెత్తిన పెట్టుకుని, మధ్యాహ్నం దాకా వీధులు తిరిగి అమ్మేది. మేం చేపలు తినని వాళ్ళం కాదు. ప్రతి ఆదివారం ఆమె దగ్గరే కొనేవాళ్ళం. బొచ్చె ముక్కలు మా వాకిట్లోనే కోసి ఇచ్చేది. అయినా ఆమె కుళాయి దగ్గరకు వస్తే మాత్రం ఆడవాళ్ళు బిందెలు పక్కకు జరుపుకునేవారు.

అందరికీ కుళాయి ఒక్కటే. మా వీధి గొట్టానికి చివర ఉండేది. ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళు నడుమెత్తు కూడా ఎక్కేవి కావు. గార్డు గారూ చేపలావిడా ఇంకా చేరకముందే ఒక ఎండాకాలం, పక్క వీధుల్లో అందరూ చేసినట్టే నేనూ చేయించాను. ఒక ప్లంబరును పిలిచి, పైపు కోయించి, నడుం లోతు గుంట తవ్వించి, కుళాయిని గుంటలోకి దించాను. నీళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళు సంతోషించారు. గుంటలోకి దిగి బిందెలు పైకి అందించడం కష్టమని, కుళాయికి రబ్బరు గొట్టం ఒకటి తగిలించాను. వాడుకున్నాక గొట్టం కొస గుంటలోనే పడి ఉండేది. కుళాయి కట్టేసే అలవాటు ఎవరికీ లేదు. నీళ్ళు వస్తే చప్పుడుకు తెలియాలి కదా అని తెరిచే ఉంచేవాళ్ళం.

గుంట కాలవకు రెండు గజాల దూరంలో ఉంది. అడుగున ఎప్పుడూ జానెడు నీళ్ళు నిలిచి ఉండేవి. కొంత మేం ఒలకబోసినవి, కొంత కాలవ నుంచి ఊరినవి. చేపలావిడ సాయంత్రం పూట ఆ గుంట గట్టు మీదే గంపలు కడుక్కునేది.

"పిన్నిగారూ, ఈ నీచు వాసనకి అన్నం సయించట్లేదండీ," అని గార్డు గారి భార్య మొదలుపెట్టింది.

"ఏం చేయమంటావమ్మా, పొమ్మంటే ఆ వాటా మళ్ళీ ఏడాది ఖాళీ," అంది పిన్నిగారు. తర్వాత నా వైపు తిరిగి, "ఏం నాయనా, మీ ల్యాబులో ఏదన్నా మందుండదూ?" అని అడిగింది.

ఫినాయిలు పోయమని చెప్పాను. గంపలు బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో ముంచి కడగమని చేపలావిడకు చెప్పాను. ఎంత పౌడరుకు ఎన్ని నీళ్ళో చెప్పలేదు. ఆమె పాపం గుప్పెళ్ళతో పోసి కడిగేది. నెల తిరక్కుండానే చేతులు పగిలి, వేళ్ళ సందుల్లో తెల్లగా పొరలు లేచాయి.

"బాబుగారూ, చేపకి మందు వాసనొస్తందని జనం కొనట్లేదండీ," అంది ఒకరోజు.

"వాసన వస్తే శుభ్రంగా ఉన్నట్టేనమ్మా. రోగం కంటే నయం కదా," అన్నాను.

"చేప వాసన చేపకుండాలి గానండీ," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సైన్సు తెలియని మనిషి ఎదురు మాట్లాడుతోందని చిరాకు పడ్డాను.

ఫినాయిలు సీసా గుంట గట్టు మీద పెట్టించాను. ఆమె గంపలు కడిగాక ఎవరో ఒకరు గుంటలో పోసేవారు. పిన్నిగారైతే మూతతో కాదు, సీసా వంచేసేది. ఆ వాసన పోకపోయినా, పోసిన తృప్తి మాత్రం అందరికీ ఉండేది.

ఫాల్గుణంలో అనుకుంటాను, పొద్దున కుళాయి నీళ్ళు ఫినాయిలు వాసన వేయడం మొదలైంది. మొదటి రెండు బిందెలే. తర్వాత మామూలే. గార్డు గారు వాకిట్లో నన్ను ఆపి, "ఏవండోయ్ కెమిస్టు గారూ, ఏంటీ వాసన?" అని అడిగారు.

"ట్యాంకులో మందు కలుపుతున్నారండీ. మంచిదే, క్రిములు చస్తాయి," అన్నాను.

"హమ్మయ్య. మా ఆవిడ పారబోయమంటే వద్దన్నా," అని ఆయన ఆ నీళ్ళతోనే కాఫీ పెట్టించుకున్నారు.

ట్యాంకులో కలిపే మందు వాసన వేరు, ఫినాయిలు వాసన వేరు. ఆ తేడా నాకు తెలుసు. అయినా అప్పుడు ఆలోచించలేదు. నాలుగు రోజుల తర్వాత, సెలవు రోజున, బిందె నేనే పట్టాను. మొదట కుళాయి గురగురమని గాలి కక్కింది. ఆ తర్వాత వచ్చిన నీళ్ళు పల్చటి పాలలా తెల్లగా ఉన్నాయి. ఫినాయిలు నీళ్ళలో పడితే అలాగే ఉంటుంది. బిందె గట్టు మీద పెట్టి గుంటలోకి చూశాను. నిన్న సాయంత్రం జానెడు ఉన్న నీళ్ళు ఇప్పుడు లేవు. గొట్టం కొస తడి మట్టిలో ఆనుకుని ఉంది.

నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైన నీళ్ళు ఆపగానే పైపులో నీళ్ళు పల్లానికి జారిపోతాయి. ఖాళీ అయిన పైపు గొట్టం కొసతో గుంటలో నీళ్ళు వెనక్కి పీలుస్తుంది. రోజూ నేను నోటితో చేసే పనే. మర్నాడు నీళ్ళు వదిలినప్పుడు ఆ పీల్చినదంతా మొదటి బిందెల్లోకి వస్తుంది. ఫినాయిలు ఒక్కటే కాదు. కాలవ ఊట, గుంటలో దిగిన కాళ్ళ మట్టి, అన్నీ.

ఆ రోజు నేను చేయవలసింది చిన్న పని. గొట్టం పీకి అవతల పారేసి, నలుగురినీ పిలిచి, "ఈ గుంట పూడ్చేద్దాం, తప్పు నాది," అనాలి. కానీ కెమిస్టు గారు నాలుగు రోజులుగా ఫినాయిలు నీళ్ళు మంచివని చెప్పి తాగించాడు. ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే నోరు రాలేదు.

నేను చేసింది ఇదీ. బిందెలో నీళ్ళు కాలవలో పారబోశాను. ఫినాయిలు సీసా మా ఇంట్లోకి తెచ్చి అటక మీద పెట్టాను. "ఎక్కువ పోస్తే పైపు పాడవుతుందట పిన్నిగారూ, కొన్నాళ్ళు ఆపండి," అని చెప్పాను. రెండు రోజుల్లో నీళ్ళ వాసన పోయింది. అందరూ మందు కలపడం ఆపేశారనుకున్నారు. గుంట అలాగే ఉంది, గొట్టం అలాగే ఉంది, కాలవ ఊట పైపులోకి వెళ్ళడం అలాగే ఉంది. అంతకుముందు కనీసం వాసన చెప్పేది. ఆ ఒక్క హెచ్చరికనూ నేనే తీసేశాను.

ఇంకొకటి కూడా చేశాను. మా ఇంట్లో తాగే నీళ్ళు మరగబెట్టించాను. "పాపకి జలుబు కదా, కొన్నాళ్ళు కాచిన నీళ్ళే తాగుదాం అందరం," అని నా భార్యతో అన్నాను. పొట్టు పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్ళు కాచేది. కారణం ఆమెకూ చెప్పలేదు. పక్క వాటాల వాళ్ళకు కాచుకోమని ఒక్క మాట చెప్పినా సరిపోయేది. ఎందుకని అడుగుతారేమోనని భయపడ్డాను.

ఉగాది వెళ్ళాక చేపలావిడ కూతురు పురిటికి వచ్చింది. ఇరవై ఏళ్ళుండవు. ఏడో నెల. ఎండకు తాళలేక ఎప్పుడూ నీళ్ళు తాగుతూ ఉండేది. తల్లి తొలి బిందె ఆమె కోసమే పట్టేది. "తొలి నీళ్ళు సల్లగా ఉంటయ్యే," అని కుండలో పోసి, ముంచి తనే చేతికి ఇచ్చేది. నేను మా గుమ్మంలో నిలబడి అది చూశాను. ఒకసారి కాదు. చాలాసార్లు చూశాను.

వైశాఖంలో ఆ పిల్లకు వాంతులు మొదలయ్యాయి. ఎండదెబ్బ అనుకున్నారు. తర్వాత కళ్ళు పసుపు పచ్చగా అయ్యాయి. ఆ వారంలోనే గార్డు గారి అమ్మాయికి కూడా కామెర్లు. పిన్నిగారికి జ్వరం. నేల ఉసిరి పసరు పోయించారు, ఉప్పూ నూనే మాన్పించారు. గార్డు గారి అమ్మాయి మెల్లగా తేరుకుంది. కడుపుతో ఉన్న పిల్ల తేరుకోలేదు. స్పృహ తప్పితే రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. మూడో రోజు కడుపులో బిడ్డ పోయింది. మగబిడ్డ. తల్లి ప్రాణం మాత్రం దక్కింది.

మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. "చూడండి, శుభ్రత అంటే అదీ," అని గార్డు గారు నన్ను చూపించి వీధిలో ఎవరితోనో అన్నారు. ఆ మాట విని నేను లోపలికి వెళ్ళిపోయాను.

ఆ మర్నాడే హెల్తు ఇన్స్పెక్టరు వచ్చాడు. బక్కపల్చటి మనిషి. తిన్నగా గుంట దగ్గరకు వెళ్ళి, గొట్టం పట్టుకుని పైకి లేపి చూశాడు.

"ఈ గుంట ఎవరు తవ్వించారండీ?" అన్నాడు.

వాకిట్లో తొమ్మిది మందిమి ఉన్నాం. పిన్నిగారు నా వైపు చూసింది. ఆమెకు తెలుసు. గార్డు గారు నా తర్వాత చేరారు కాబట్టి ఆయనకు తెలియదు.

"మేం వచ్చేటప్పటికే ఉందండీ," అన్నాను. పిన్నిగారు కాదనలేదు. గుంట తన స్థలంలో కదా, మాట తన మీదకు వస్తుందని ఆమె భయం. నేను అక్కడితో ఊరుకోలేదు. "గుంట సంగతి అటుంచండి. ఆ చివరి వాటావిడ రోజూ చేపల గంపలు ఇక్కడే కడుగుతుందండీ. నేను ఎన్నిసార్లు చెప్పినా..." అన్నాను.

ఆయన నా మాట పూర్తిగా విననే లేదు. "గంపల సంగతి తర్వాత. ముందు ఈ గొట్టం తీసి, గుంట పూడ్చి, కుళాయి పైకి పెట్టించండి. అప్పటిదాకా నీళ్ళు కాచుకు తాగండి," అని చెప్పి, బ్లీచింగ్ చల్లించి వెళ్ళిపోయాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వాకిట్లో ఎవరికీ అది వినపడలేదు. "గుంట పూడిస్తే నీళ్ళెట్టా వస్తాయ్, ఆయనగారొచ్చి మోస్తాడా?" అంది పిన్నిగారు. అందరికీ నేను అన్న రెండో మాటే పట్టింది.

సరిగ్గా అప్పుడు చేపలావిడ ఆసుపత్రి నుంచి వచ్చింది. కూతురికి చీర తీసుకెళ్ళడానికి. నెత్తిన కొంగు, ఎర్రబడ్డ కళ్ళు. బిడ్డ పోయి రెండు రోజులు.

"ఇదిగో, నీ సామాన్లు తీసుకుని వేరే చోటు చూసుకో. ఇంటిల్లిపాదికీ అంటించావ్," అంది పిన్నిగారు.

"నేనేం చేశానమ్మగారూ?"

"ఏం చేశావా? కెమిస్టు గార్నడుగు."

ఆమె నా వైపు తిరిగింది. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి నిజం చెబుతాననే నమ్మకం ఆ ముఖంలో కనపడింది. "నా గంపల వల్లేనా బాబుగారూ?" అని అడిగింది. పోట్లాటగా కాదు. డాక్టరును అడిగినట్టు అడిగింది.

"అవునమ్మా. ఆ నీచు నీళ్ళలో కలిసింది. ముందు మీ ఇంట్లోనే వచ్చింది చూడు," అన్నాను.

"మా పిల్లకీ అట్టానే వచ్చిందాండీ? బిడ్డ..."

"సైన్సు ప్రకారం అంతేనమ్మా."

ఆమె ఏడవలేదు. పగిలిన చేతులు రెండూ ఎత్తి, అరచేతులు ఒకసారి చూసుకుంది. తర్వాత లోపలికి వెళ్ళి చీర తెచ్చుకుని వెళ్ళిపోయింది. వారం లోపల సామాన్లు ఎవరో బండి మీద తీసుకెళ్ళారు. నేను రబ్బరు గొట్టం మార్చి కొత్తది తెచ్చాను. గుంట పూడ్చలేదు. ఏడాది తర్వాత మేమే ఆ ఇల్లు ఖాళీ చేసి ఉయ్యూరు వెళ్ళిపోయాం.

ఈ ఎనిమిదేళ్ళలో ఇది మరిచిపోయానని చెప్పను. అలాగని రోజూ తలుచుకుని కుమిలిపోయాననీ చెప్పను. బాగానే తిన్నాను, నిద్రపోయాను. మొన్న ఎండాకాలం మా పాప, ఇప్పుడు బడికి వెళుతోంది, పెరట్లో రెండు బకెట్లు పెట్టి రబ్బరు గొట్టంతో ఆడుకుంటోంది. ఒక కొస నోట్లో పెట్టుకుని పీల్చి, నీళ్ళు గొంతులోకి వచ్చి దగ్గింది. "నాన్నా, పీలిస్తే ఇటొచ్చేస్తన్నాయ్ నీళ్ళు!" అని అరిచింది. నేను పరుగెత్తి గొట్టం లాక్కుని పిల్లను కొట్టాను. నా భార్య నిర్ఘాంతపోయింది. ఆ సాయంత్రం మొదటిసారి ఆమెకు అంతా చెప్పాను.

"అయితే మనకి మాత్రం నీళ్ళు కాయించారన్నమాట," అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "ఆవిడెక్కడుందో కనుక్కోండి," అంది.

చేపల మార్కెట్టులో ఆడవాళ్ళను అడిగితే ఊరు చెప్పారు. కైకలూరు దాకా బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి నడిచాను. కొల్లేటి గట్టు మీద చిన్న ఇల్లు. ఆమె గుర్తుపట్టింది. "రండి బాబుగారూ," అని మంచం వాల్చింది. చేపలమ్మడం ఎప్పుడో మానేసిందట. నాట్లకూ కోతలకూ వెళుతోంది. ఆమె కూతురు కూడా అక్కడే ఉంది. నాలుగేళ్ళ ఆడపిల్ల ఒకతె తిరుగుతోంది. మనవరాలు.

ఆ పిల్ల వచ్చి, "అమ్మమ్మా, నీళ్ళు," అంది. కుండ ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది.

"అమ్మనడగవే," అంది.

నాకూ నీళ్ళు ఇవ్వమని కూతురికే చెప్పింది. నేను చూస్తున్నానని గమనించి, "నేను ముంచివ్వనండీ ఎవరికీ. ఆ పొద్దు కాణ్ణుంచీ ముట్టుకోను," అంది. సిగ్గుపడుతున్నట్టు చెప్పింది.

కూతురు తెచ్చిన గ్లాసు కింద పెట్టి, గుంట దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. తవ్వించింది, గొట్టం తగిలించింది, పాల రంగు నీళ్ళు చూసింది, సీసా దాచింది, మా ఇంట్లో కాయించుకుంది. ఆమె గంపలకూ ఆ జబ్బుకూ సంబంధం లేదని చెప్పాను. మధ్యలో కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అంతా విని ఆమె, "అయితే నా చేతులు కావన్నమాట," అంది.

"కావమ్మా."

"మీకు అప్పుడే తెలుసు."

"తెలుసు."

కూతురు గుమ్మంలోంచి, "మా అమ్మ నాకు అన్నం పెట్టి ఎన్నాళ్ళయిందో తెలుసాండీ?" అంది. "నా మొగుడు, మా అత్త, ఊళ్ళో ఆడోళ్ళు, అందరూ అన్నారు. నేనూ అన్నాను. అది మాత్రం ఎవురు తీస్తారు?"

నేను చేతులు జోడించాను. క్షమించమన్నాను. పెద్దావిడ అటు తల తిప్పుకుంది. "ఆ మాట నాకొక్కదానికి చెవిలో చెప్తే ఏం లాభం బాబుగారూ. ఆ పొద్దు వాకిట్లో ఎంతమందున్నారో అంతమందికీ చెప్పండి. ఆళ్ళ ముందే కదా నన్నన్నారు," అంది. తర్వాత, "బస్సుకి పొద్దుపోద్ది, లేవండి," అంది.

నేను ఉన్నంతసేపూ ఆమె కుండ దగ్గరకు వెళ్ళలేదు. నేను వచ్చేశాక వెళ్ళిందో లేదో నాకు తెలియదు.

తిన్నగా పటమట వెళ్ళాను. పిన్నిగారు బాగా ముసలిదయింది. అంతా విని, "ఇప్పుడెందుకు నాయనా అవన్నీ? అయినా ఆవిడ గంపలు కడగలేదా ఏంటి?" అంది. వాకిట్లో గుంట అలాగే ఉంది. అంచుకు సిమెంటు చేయించారు. చివరి వాటాలో ఎవరో కొత్తవాళ్ళు. గొట్టం కొస అడుగున నీళ్ళలో మునిగి ఉంది. లోపలికి దిగి గొట్టం పీకేశాను. కొత్తగా చేరిన ఇల్లాలు పరుగెత్తుకొచ్చి, "ఎవరండీ మీరు? అది మా గొట్టం!" అని అరిచింది. ఆమెకూ అంతా చెప్పాను. తల ఊపింది. నేను వీధి మలుపు తిరుగుతూ వెనక్కి చూస్తే, గొట్టం మళ్ళీ తగిలిస్తోంది.

ఆ రోజు వాకిట్లో ఉన్న తొమ్మిది మందిలో నేను ఒకణ్ణి. పిన్నిగారికి చెప్పాను. నా భార్యకు చెప్పాను. గార్డు గారు బదిలీ మీద ఎక్కడికో వెళ్ళారు, ఏ ఊరో తెలియలేదు. మిగతావాళ్ళు ఇరుగుపొరుగు, ముఖాలు గుర్తున్నాయి గానీ ఇళ్ళు మారిపోయారు. వాళ్ళలో ఎవరైనా దీన్ని చదివితే ఇది తెలుసుకోవాలి: ఆ చేపలావిడ ఎవరికీ ఏ జబ్బూ అంటించలేదు. ఆమె తన కూతురికి పట్టిచ్చిన తొలి నీళ్ళు నా గుంటలోవి. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు.